షీ-బాక్స్: ఆఫీసులో పనిచేసే ఫిర్యాదు పెట్టె, షూటింగ్ స్పాట్‌లో ఎంతవరకు పనికొస్తుంది?

పనిచేసే చోట లైంగిక వేధింపులకు గురైన మహిళలు ఇంటర్నెట్ ద్వారా ఫిర్యాదు చేసుకోవడానికి కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ నడుపుతున్న పోర్టల్ పేరు షీ-బాక్స్. ఈ సేవను అందరి తరఫునా సమీక్షించడం నా ఉద్దేశం కాదు. తెలుగు సినిమా, టెలివిజన్ రంగాల్లో ఏ రోజు పని ఆ రోజుదిగా బతికే ఆడవాళ్లకు, అంటే జూనియర్ ఆర్టిస్టులకు, గ్రూప్ డాన్సర్లకు, కాస్ట్యూమ్, మేకప్, హెయిర్ విభాగాల సహాయకులకు, దర్శకత్వ శాఖలో కొత్తగా చేరిన అమ్మాయిలకు ఇది ఎంత అక్కరకొస్తుందన్నదే ఇక్కడ నేను పరిశీలించిన విషయం. బ్యాంకు ఉద్యోగినికీ, సాఫ్ట్‌వేర్ సంస్థ ఉద్యోగినికీ ఇది మంచి సేవే. కృష్ణానగర్ నుంచి తెల్లవారుజామున వ్యానెక్కి షూటింగుకు వెళ్లే మనిషికి మాత్రం ఇందులో మొదటి గడి దగ్గరే చిక్కు వచ్చిపడుతుంది.

ఈ పోర్టల్ 2017 జూలైలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినుల కోసం మొదలై, అదే ఏడాది నవంబరులో ప్రైవేటు రంగానికి విస్తరించింది. ఇప్పుడు మనకు కనిపిస్తున్న కొత్త రూపాన్ని 2024 ఆగస్టు 29న ప్రారంభించారు. సరిగ్గా పది రోజుల ముందు, ఆగస్టు 19న, మలయాళ సినిమా రంగంలో మహిళల పరిస్థితిపై జస్టిస్ హేమ కమిటీ ఇచ్చిన నివేదిక బయటికొచ్చింది. 2017 ఫిబ్రవరిలో ఒక నటిని కారులో అపహరించి దాడి చేసిన ఘటన తర్వాత ఆ కమిటీ ఏర్పడింది. తెనాలిలో పుట్టి మలయాళంలో ఊర్వశిగా పేరు తెచ్చుకున్న మన శారద అందులో సభ్యురాలు. 2019 డిసెంబరు 31న కేరళ ప్రభుత్వం చేతికి అందిన ఆ నివేదిక నాలుగున్నరేళ్లకు పైగా బీరువాలోనే ఉండిపోయి, సమాచార హక్కు చట్టం కింద పోరాటం జరిగాక, కొన్ని భాగాలు తొలగించిన రూపంలో వెలువడింది. అవకాశం కావాలంటే శరీరాన్ని ఇవ్వాలని అడగడం, కాదన్నవాళ్లకు పని దొరక్కుండా చేయడం, సెట్లో మరుగుదొడ్డి లేక నీళ్లు తాగడం మానేసి ఆడవాళ్లు జబ్బుల పాలవడం వంటివన్నీ అందులో నమోదయ్యాయి. ఇవి హైదరాబాదులో తెలియని సంగతులేమీ కావు. ఇక్కడ అలా శరీరం అడగడాన్ని కమిట్‌మెంట్, అడ్జస్ట్‌మెంట్ అని మర్యాదగా పిలుచుకుంటారు. అందుకే ఈ పోర్టల్‌ను ఆ నివేదిక పక్కన పెట్టి చూడడం సబబనిపించింది.

ముందుగా మంచి చెప్పాలి. సేవకు రుసుము లేదు, వకీలు అవసరం లేదు. ఫిర్యాదు పెట్టడం కోసం ఎవరి గదిలోకీ వెళ్లి నిలబడనక్కర్లేదు. ఇలాంటి ఫిర్యాదుల విచారణకు యజమాని పెట్టాల్సిన అంతర్గత కమిటీ వివరాలు పోర్టల్‌లో నమోదై ఉన్న సంస్థ అయితే ఫిర్యాదు నేరుగా ఆ సంస్థ అంతర్గత కమిటీకి చేరుతుంది. అది ఏ దశలో ఉందో తర్వాత చూసుకోవచ్చు. వివరాలు కమిటీ అధ్యక్షురాలికి తప్ప ఇతరులకు కనిపించకుండా ఏర్పాటు చేశామని మంత్రిత్వ శాఖ చెబుతోంది. రహస్యంగా ఉంచడమన్నది పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను నిరోధించే 2013 నాటి చట్టంలోని 16వ సెక్షనే విధించిన బాధ్యత. సినిమా రంగంలో దీని విలువ మరీ ఎక్కువ, ఎందుకంటే ఫిలింనగర్‌లో పొద్దున చెప్పిన మాట సాయంత్రానికి యూట్యూబ్ చానళ్ల శీర్షికగా మారుతుంది. ఫిర్యాదు అందుకున్న రుజువు తేదీతో సహా చేతిలో ఉండడం కూడా చిన్న విషయం కాదు. నాకెవరూ చెప్పలేదని తర్వాత తప్పించుకోవడం యజమానికి అంత సులువు కాదు.

అయితే ఈ పోర్టల్ విచారణ జరపదని, తీర్పు ఇవ్వదని గుర్తుంచుకోవాలి. అది ఫిర్యాదును చేరవేస్తుంది, పర్యవేక్షణకు వీలు కల్పిస్తుంది, అంతే. అవతల అందుకునే కమిటీ ఒకటి ఉన్నప్పుడే ఈ చేరవేతకు అర్థం. సినిమావాళ్లకు సంబంధించి అసలు సమస్య ఇక్కడే ఉంది.

నీ యజమాని ఎవరు, నువ్వు పనిచేసే సంస్థ పేరేమిటి అన్న ప్రశ్నకు జవాబు చెబితే గానీ ఫిర్యాదు ముందుకు కదలదు. నాకు తెలిసిన ఒక కాస్ట్యూమ్ అసిస్టెంట్‌ను ఈ ప్రశ్నే అడిగి చూశాను. ఆమె హీరో పేరు చెప్పింది, దర్శకుడి పేరు చెప్పింది, తనను పిలిచిన డిజైనర్ పేరు, డబ్బులిచ్చిన మేనేజర్ పేరు చెప్పింది. ఆ సినిమాకు కాగితాల మీద నిర్మాత ఎవరో, ఆ సంస్థ ఏ పేరుతో నమోదైందో ఆమెకు తెలియదు. అది ఆమె తెలివితక్కువతనం కాదు. పోస్టర్ మీద కనిపించే బ్యానర్ ఒకటి, సమర్పకులు మరొకరు, సహ నిర్మాతలుగా ఇంకో రెండు సంస్థలు, ఆ ఒక్క సినిమా కోసమే పెట్టిన భాగస్వామ్య సంస్థ వేరొకటి. టైటిల్ కూడా ఖరారు కాక ప్రొడక్షన్ నంబర్ ఒకటి అన్న పేరుతోనే నెలల తరబడి షూటింగ్ నడుస్తుంది. జూనియర్ ఆర్టిస్టు విషయంలో ఇది ఇంకా దూరం: ఆమెను పిలిచేది కోఆర్డినేటర్, బత్తా చేతికిచ్చేది కోఆర్డినేటర్, రేపు పిలవకుండా ఉండేదీ అతడే. నిర్మాణ సంస్థకూ ఆమెకూ మధ్య ఒక్క కాగితం ముక్క కూడా ఉండదు.

చట్టం రాసినవాళ్లు ఈ పరిస్థితిని ఊహించలేదని అనడానికి లేదు. రోజుకూలీగా, తాత్కాలికంగా, కాంట్రాక్టరు ద్వారా పనికి వచ్చినవాళ్లు, జీతం లేకుండా పని నేర్చుకుంటున్నవాళ్లు కూడా ఉద్యోగులేనని, కాంట్రాక్టరు ఎవరిని తెచ్చాడో అసలు యజమానికి తెలియకపోయినా సరే అని నిర్వచనంలోనే ఉంది. పని కోసం వెళ్లిన ఏ చోటైనా, యజమాని ఏర్పాటు చేసిన వాహనమైనా పనిచేసే చోటే. కాబట్టి కారవాన్, అవుట్‌డోర్ షూటింగులో బస చేసిన హోటల్, తిరుగు ప్రయాణపు కారు అన్నీ లెక్కలోకి వస్తాయి. మలయాళ సినిమా రంగంలోని మహిళల సంఘం వుమెన్ ఇన్ సినిమా కలెక్టివ్ వేసిన పిటిషన్‌పై కేరళ హైకోర్టు 2022 మార్చి 17న ఇంకో అడుగు ముందుకు వేసి, ఒక్కో సినిమా నిర్మాణ యూనిట్ ఒక్కో పనిచేసే చోటేనని, ప్రతి యూనిట్‌కూ అంతర్గత కమిటీ ఉండాల్సిందేనని చెప్పింది. ఆ తీర్పు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ నిర్మాతలను నేరుగా కట్టడి చేయదు. అయినా చట్టం దేశమంతటికీ ఒకటే, పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట కమిటీ పెట్టకపోతే 50,000 రూపాయల దాకా జరిమానా అన్న నిబంధనా ఒకటే. వందమంది పనిచేసే సెట్‌కు కమిటీ అక్కర్లేదన్న వాదనకు ఏ కోర్టులోనూ బలం ఉంటుందని నేను అనుకోను.

కమిటీ ఉన్నంత మాత్రాన సరిపోతుందా అన్నది వేరే ప్రశ్న. అధ్యక్షురాలు ఆ సంస్థలోని సీనియర్ మహిళా ఉద్యోగి అయి ఉండాలని, సభ్యుల్లో కనీసం సగంమంది ఆడవాళ్లు ఉండాలని, ఒకరు బయటి స్వచ్ఛంద సంస్థ నుంచి రావాలని చట్టం అంటోంది. మన సెట్ల మీద సీనియర్ స్థానంలో ఉన్న ఆడవాళ్లు ఎంతమంది? ఉన్న ఒకరిద్దరూ తర్వాతి సినిమా కోసం అదే నిర్మాత వైపు, అదే హీరో వైపు చూడాల్సినవాళ్లే. హేమ కమిటీ ఈ భయాన్నే గట్టిగా వ్యక్తం చేసింది. సినిమా రంగంలో పలుకుబడి గలవాళ్లు అంతర్గత కమిటీలను లొంగదీసుకోగలరు కాబట్టి వాటికి బదులు చట్టబద్ధమైన స్వతంత్ర ట్రిబ్యునల్ కావాలని సూచించింది.

గడువుల సంగతి చూస్తే ఈ చట్టాన్ని ఆఫీసును ఊహించుకుని రాశారని ఇంకా బాగా తెలుస్తుంది. ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. కారణాలు రాతపూర్వకంగా నమోదు చేసి కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. సినిమాలో నటించిన అమ్మాయి తన సీన్లు ఎడిటింగులో ఎగిరిపోకూడదని విడుదల దాకా నోరు విప్పదు. డబ్బింగ్ మిగిలి ఉంటుంది, చివరి వాయిదా పారితోషికం మిగిలి ఉంటుంది. షూటింగ్ మొదలైన ఏడాదికో, రెండేళ్లకో సినిమా విడుదలై ఆమెకు ఆ భయం తీరేసరికి ఆరు నెలల గడువు ఎప్పుడో దాటిపోతుంది. ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకుంది అని టీవీ చర్చల్లో అడిగేవాళ్లకు జవాబు ఈ లెక్కలోనే ఉంది, కాకపోతే వాళ్లు జవాబు కోసం అడగరు. అటు విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలి. అప్పటికి ఆ షెడ్యూల్ ముగిసి, సెట్ విప్పేసి, యూనిట్‌లో సగంమంది వేరే సినిమాల్లో ఉంటారు. సాక్షుల్ని పిలిపించడం కమిటీకి తలకు మించిన పని అవుతుంది.

విచారణ నడుస్తుండగా మధ్యంతర ఉపశమనంగా ఆమెనో, ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తినో వేరే చోటికి బదిలీ చేయమని, లేదా ఆమెకు మూడు నెలల దాకా సెలవు ఇమ్మని కమిటీ సిఫారసు చేయవచ్చు. దర్శకుణ్ని ఎక్కడికి బదిలీ చేస్తారు? డాన్సర్‌కు సెలవు అంటే ఆ పాట ఆమె లేకుండా తీసేయడమే. శిక్షలూ ఇదే తీరు: సర్వీసు నిబంధనల ప్రకారం చర్య, అవి లేని చోట రాతపూర్వక క్షమాపణ, హెచ్చరిక, పదోన్నతి నిలుపుదల, ఉద్యోగం నుంచి తొలగింపు, జీతం నుంచి పరిహారం కోత. పదోన్నతి అన్న మాటే లేని కథానాయకుడి మీద, పెట్టుబడి తెచ్చిన మనిషి మీద ఇందులో ఏది పనిచేస్తుందో నాకు అర్థం కాలేదు. పరిహారం కోత ఒక్కటే కొంత ఆశ కలిగిస్తుంది.

సినిమాలో ఇంకా చేరని అమ్మాయి సంగతి దీనికంటే కష్టం. ఆడిషన్ పేరుతో ఫ్లాటుకు పిలిచి కమిట్‌మెంట్ అడిగినవాడి మీద ఫిర్యాదు చేయాలంటే ఆమె అక్కడ ఉద్యోగి కానక్కర్లేదు. ఉద్యోగంలో ఉన్నా లేకున్నా, ఏ వయసు మహిళ అయినా బాధితురాలిగా ఫిర్యాదు చేయవచ్చని చట్టం స్పష్టంగా చెబుతోంది. కానీ అవతల నిజమైన నిర్మాణ సంస్థ అంటూ ఉంటే కదా పోర్టల్‌లో పేరు రాయడానికి. ఇలాంటి సందర్భంలో షీ-బాక్స్‌తో కాలయాపన చేయకుండా పోలీసుల దగ్గరికి వెళ్లడమే మేలు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లైంగిక వేధింపులకు 75వ సెక్షన్ ఉంది. ఉద్యోగమో పదోన్నతో ఇస్తామని అబద్ధపు హామీ ఇచ్చి లైంగిక సంబంధం పెట్టుకోవడం 69వ సెక్షన్ కింద పదేళ్ల దాకా శిక్ష పడే నేరం. తెలంగాణలో షీ టీమ్స్, భరోసా కేంద్రాలు అందుబాటులో ఉన్నాయి. సినిమా చాన్సు ఇస్తానన్న మాట 69వ సెక్షన్‌లోని ఉద్యోగ హామీ కిందికి వస్తుందా అన్న చర్చ కోర్టుల్లో తప్పకుండా జరుగుతుంది. రావాలన్నది నా అభిప్రాయం.

సమీక్ష కోసం చట్టాన్ని, పోర్టల్ ఏర్పాట్లను పక్కపక్కన పెట్టి చదువుతుంటే నాకు అన్నిటికంటే ఉపయోగకరంగా కనిపించింది ఎవరూ పెద్దగా మాట్లాడని స్థానిక కమిటీ. ప్రతి జిల్లాలోనూ ఇది ఉండాలి. పదిమంది కంటే తక్కువ మంది పనిచేసే చోటైనా, అంతర్గత కమిటీ లేకపోయినా, ఆరోపణ స్వయానా యజమాని మీదే అయినా ఫిర్యాదు ఈ కమిటీకి వెళ్తుంది. నిర్మాతే వేధించినప్పుడు నిర్మాత పెట్టిన కమిటీ ముందు నిలబడాల్సిన అవసరం లేదన్నమాట. ఇది సినిమా సంఘాల చేతి కింద ఉండదు, దీని సభ్యులకు వచ్చే సినిమాలో పని అక్కర్లేదు. 2024 డిసెంబరు 3న సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నీ జిల్లా అధికారులను నియమించాలని, స్థానిక కమిటీలను ఏర్పాటు చేయాలని గడువులు పెట్టి మరీ ఆదేశించింది కాబట్టి, కమిటీ లేదన్న మాట ఇప్పుడు ఏ జిల్లా యంత్రాంగమూ తేలిగ్గా అనలేదు. రాయడం రానివాళ్లకు ఫిర్యాదు రాయడంలో సాయం చేయాల్సిన బాధ్యత కూడా కమిటీదే. ఒక చిక్కు మాత్రం ఉంది. అన్నపూర్ణ స్టూడియో హైదరాబాద్ జిల్లాలోకి వస్తుంది, రామోజీ ఫిల్మ్ సిటీ రంగారెడ్డి జిల్లాలోకి వస్తుంది, అరకులో షూటింగ్ జరిగితే రాష్ట్రమే మారిపోతుంది. ఒకే సినిమాలో ఒకే మనిషి మూడు చోట్లా వేధిస్తే ఏ జిల్లాను ఎంచుకోవాలో సినిమా కార్మికురాలికి అర్థమయ్యే భాషలో చెప్పే మార్గదర్శకం ఒకటి ఉండాలి.

పోల్చి చూడడానికి మన రంగంలోనే ఇంకో సేవ ఉంది. 2018 ఏప్రిల్‌లో అవకాశాల పేరుతో జరిగే లైంగిక దోపిడీపై నటి శ్రీరెడ్డి ఫిల్మ్ చాంబర్ ఎదుట నిరసన తెలిపినప్పుడు ఆమెకు ముందు ఎదురైంది నిషేధం. జాతీయ మానవ హక్కుల సంఘం నోటీసులిచ్చాక, మహిళా సంఘాలు కదిలాక పరిస్థితి మారింది. అప్పటి నుంచి తెలుగు ఫిల్మ్ చాంబర్‌లో లైంగిక వేధింపుల ఫిర్యాదుల ప్యానెల్ ఉంది, చాంబర్ ఆవరణలో ఫిర్యాదుల పెట్టె ఉంది. 2024 సెప్టెంబరులో ఒక నృత్య దర్శకుడిపై ఆయన దగ్గర సహాయకురాలిగా పనిచేసిన యువతి ఫిర్యాదు చేసినప్పుడు నటి, వ్యాఖ్యాత ఝాన్సీ అధ్యక్షతన ఉన్న ఆ ప్యానెల్ విచారణ చేపట్టింది. కేసు పోలీసులు నమోదు చేశారు, నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. ఆ వ్యక్తి అప్పటికి తన సంఘానికే అధ్యక్షుడు. ఆ పదవి నుంచి తప్పించాలని చాంబర్ సూచించాల్సి వచ్చింది. యూనియన్ కార్డు ఎవరి సంతకంతో వస్తుందో అతని మీదే ఫిర్యాదు చేయాల్సిన స్థితి ఎలా ఉంటుందో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు. రంగం పోకడలు తెలిసినవాళ్లు ఉండడం చాంబర్ ప్యానెల్ బలం. యజమాని ఎవరు అని అడగక్కర్లేదు, వాళ్లకు తెలుసు. ఆ పరిచయమే దాని బలహీనత కూడా. షీ-బాక్స్‌కు ఆ పరిచయమూ లేదు, ఆ మొహమాటమూ లేదు.

ప్రభుత్వం వైపు నుంచి పెద్దగా కదలిక లేదన్నది చెప్పక తప్పదు. తెలుగు సినిమా రంగంలో లైంగిక వేధింపులపై తెలంగాణ ప్రభుత్వం 2019లో వేసిన కమిటీ 2022లో నివేదిక ఇచ్చింది. దాన్ని బయటపెట్టాలని 2024 ఆగస్టులో సమంత బహిరంగంగా కోరేదాకా అలాంటిది ఒకటుందని చాలామందికి గుర్తే లేదు. నివేదికలు బయటపెట్టినంత మాత్రాన న్యాయం జరుగుతుందనీ నేను చెప్పడం లేదు. కేరళలో ప్రత్యేక దర్యాప్తు బృందం వేసినా, వాంగ్మూలం ఇచ్చేందుకు చాలామంది ముందుకు రాకపోవడంతో కేసులు ఆగిపోయాయి. కమిటీ ముందు రహస్యంగా చెప్పినవాళ్లు పోలీసుల ముందు పేరుతో చెప్పడానికి జంకారు. ఫిర్యాదు చేసిన మనిషికి మర్నాడు పని ఉంటుందన్న హామీ ఎవరిస్తారన్న దానికి షీ-బాక్స్ దగ్గర కూడా సమాధానం లేదు.

వాడదలచుకున్నవాళ్లకు నా సలహా ఇది. పనికి చేరిన మొదటి రోజే నిర్మాణ సంస్థ అసలు పేరు కనుక్కోండి. కాల్‌షీటు మీదో, పేమెంట్ వోచర్ మీదో, బ్యాంకులో డబ్బు పడితే పంపినవారి పేరులోనో అది దొరుకుతుంది. వాట్సాప్ సందేశాలు, వాయిస్ నోట్లు చెరిపేయకుండా మరో ఫోన్‌లో కూడా దాచండి. వివరమంతా తేదీల వారీగా ముందే తెలుగులో రాసుకుని, మూడు నెలలు దాటకముందే పంపండి. యూనిట్‌లో కమిటీ ఉందో లేదో తెలియకపోతే స్థానిక కమిటీకే వెళ్లండి, అదే ఫిర్యాదు నకలు జిల్లా కలెక్టరేట్‌లో స్వయంగా ఇచ్చి ముద్ర వేయించుకోండి. నేరం స్థాయిలో ఉన్నదైతే పోలీసు ఫిర్యాదుకు ఇది అడ్డం కాదు, రెండూ ఏకకాలంలో నడుస్తాయి. పైగా బాధితురాలు కోరితే కేసు పెట్టడానికి సహకరించాల్సిన బాధ్యత యజమానిదని చట్టమే చెబుతోంది.

పోర్టల్ నడిపేవాళ్లు, చాంబర్ వాళ్లు కలిసి ఒక్క పని చేస్తే నా అంచనా మారుతుంది. సినిమా టైటిల్ నమోదు చేసేటప్పుడే ఆ యూనిట్ అంతర్గత కమిటీ వివరాలు షీ-బాక్స్‌లో ఉన్నాయన్న రుజువు అడగాలి, ఫిర్యాదుదారు సినిమా పేరు కొడితే చాలు సంస్థ పేరు, కమిటీ వివరాలు వచ్చేలా ఉండాలి. టైటిల్ కోసం కొట్టుకునే నిర్మాతలు దీనికి కాదనలేరు.

ప్రస్తుతానికి స్థిరమైన ఆఫీసు ఉన్న టీవీ చానళ్లు, గ్రాఫిక్స్ స్టూడియోలు, ఓటీటీ సంస్థల ఉద్యోగినుల కోసం ఈ సేవకు ఐదింట నాలుగు ఇస్తాను. చేతిలో రాతపూర్వక ఒప్పందం ఉన్న నటికి, టెక్నీషియన్‌కు అది మూడు. జూనియర్ ఆర్టిస్టుకు, డాన్సర్‌కు, అసిస్టెంటుకు ఒకటిన్నర. అందులో ఒకటి స్థానిక కమిటీకి చెందాల్సిన మార్కు.